ఉపదేశమ్మ యాభై సాయంత్రాలు

ఆ రోజు పొద్దున గుడిలో పాస్కా కొవ్వొత్తి వంగిపోయి ఉంది.

కాలేజీ బస్సు ఎక్కే ముందు నేను ఆరున్నర పూజకు వెళ్తాను. మా చౌటుప్పల్‌లో ఏప్రిల్ చివరికి వచ్చేసరికి ఆ వేళకే గోడలు వెచ్చగా తగులుతాయి. ఈస్టర్ రాత్రి వెలిగించి, ఆ తరువాత యాభై రోజులు ప్రతి పూజలో వెలిగించే పెద్ద కొవ్వొత్తి అది. పీఠం పక్కన ఇత్తడి స్టాండు మీద నిటారుగా ఉండాలి. నడిమధ్యలో మెత్తబడి కిటికీ వైపు ఒరిగి ఉంది. నాకు మొదట నవ్వు వచ్చింది. తరువాత, ఇన్నేళ్లలో ఇది ఎన్నడూ వంగలేదు కదా అనిపించింది.

వంగకుండా చూసింది మా ఉపదేశమ్మ. రోజూ పొద్దటి పూజ కాగానే కొవ్వొత్తిని దించి, తడిపిన గోనెసంచిలో చుట్టి, సామాన్ల గదిలో మంచినీళ్ల రంజన్ పక్కన పడుకోబెట్టేది. సాయంత్రం ఎండ తగ్గాక తీసి మళ్లీ నిలబెట్టేది. "ఎండకాలంల పుట్టిన పసిపిల్ల ఇది. జర సల్లగ జూస్కోవాలె" అనేది.

పూజ ఇంకా మొదలుకాలేదు. పక్క తలుపు గుండా ఉపదేశిగారు లోపలికి వచ్చారు. ఉపదేశి అంటే మా గుళ్లో పిల్లలకు జపాలు నేర్పే మనిషి, ఫాదర్ లేని రోజు ప్రార్థన నడిపే మనిషి. ఆయన భార్య కాబట్టి ఆమె మాకందరికీ ఉపదేశమ్మ. ఆయన కాళ్లకు చెప్పులు లేవు. ఫాదర్ దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నారు.

"ఫాదర్, ఆమె లేస్తలేదు."

ఫాదర్ మా ఊరికి వచ్చి ఆరు నెలలే అయింది. "పడుకోనివ్వండి, నిన్న కూడా ఎండలో తిరిగింది కదా" అన్నారు.

"లేదు ఫాదర్. లేపిన. లేస్తలేదు."

అప్పుడు ఫాదర్ చేతిలోని పుస్తకం మూసి ఆయన వెంట బయటికి నడిచారు. గుళ్లో ఉన్న ఏడెనిమిది మందిమి కూర్చోవాలో లేవాలో తెలియక అట్లాగే ఉండిపోయాం. కాసేపటికి సిస్టరమ్మ నా పక్కకు వచ్చి, "నిన్న పూజ కాగానే ఆమె కళ్లు తిరుగుతున్నాయంటే కొవ్వొత్తి సంగతి నేను చూస్తానన్నాను. మరిచిపోయాను" అంది. రెండుసార్లు అంది. ఆ రోజు నేను బస్సు ఎక్కలేదు.

అది సోమవారం, ఈస్టర్ మొదలుకొని ఇరవై మూడో రోజు. ఇది చదివే మీకు ఆ లెక్క ఎందుకో చెప్పాలి. చెప్పకపోతే ఆమె ఎవరో మీకు తెలియదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, ఈస్టర్ ఆదివారం నాడు, అప్పటి ఫాదర్ ప్రసంగంలో ఒక మాట చెప్పారట. ఈస్టర్ అంటే ఒక్క రోజు కాదు, యాభై రోజుల పండుగ అని. అందరూ విని, బిర్యానీ తిని పడుకున్నారు. ఉపదేశమ్మ మాత్రం పూజ అయ్యాక గుడి మెట్ల మీద ఆయనను ఆపింది.

"యాభై దినాలు ఏం జెయ్యాలె ఫాదర్?"

"సంతోషంగా ఉండాలమ్మా."

"అది సరే. ఏం జెయ్యాలె?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆమె ఊరుకోలేదు. ఈ సంభాషణ నేను వినలేదు, ఆమె చెప్పగా ఎన్నోసార్లు విన్నాను. చెప్పినప్పుడల్లా ఆమెకు నిజంగానే ఆశ్చర్యం. "ఈస్టర్‌కు ముందు తపస్సుకాలంల నలభై దినాలు చేతినిండ పని. శుక్కురారం మాంసం కూర ముట్టద్దు, సిలువ మార్గం పొయ్యాలె, కొందరు చెప్పులు గూడ ఏసుకోరు. మరి సంతోషానికి ఒక్క పని జెప్పరేంది? పని లేకుంటె మనిషికి యాదుంటదా?"

కాబట్టి ఆమే ఒక పని పెట్టుకుంది. యాభై రోజులు, రోజుకొక ఇల్లు. సాయంత్రం అయిదున్నరకు, ఫ్యాక్టరీల పగటి డ్యూటీ వాళ్లు ఇళ్లకు చేరి స్నానాలు చేసే వేళకు, ఆమె ఒక స్టీలు డబ్బా పట్టుకుని బయలుదేరేది. వెంట ఇద్దరో ముగ్గురో ఆడవాళ్లు. ఆ ఇంట్లో చాప మీద కూర్చుని సువార్తలోంచి ఒక చిన్న భాగం చదివేవారు. ఒక అల్లెలూయ పాట పాడేవారు. ఆ తరువాత ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత మీద చెయ్యి వేసి, ఆ ఇంటివాళ్లను ఒక ప్రశ్న అడిగేది.

"మీ ఇంట్ల సంతోషమైన ముచ్చట ఒక్కటి జెప్పుండ్రి."

చెప్పేదాకా మూత తెరుచుకోదు.

డబ్బాలో మలీద ముద్దలు. వేడి రొట్టెలను చేత్తో నలిపి, బెల్లం, కొంచెం నెయ్యి, యాలకులు వేసి కట్టిన ముద్దలు. ఎండాకాలంలో పాలతో చేసినవి విరుగుతాయని ఆమెకు భయం. మొదటి ఏడు మా సంఘ పెద్ద ఒకాయన ముఖం ముడిచాడు. "ఈస్టర్‌కు మలీద ఏంది ఉపదేశమ్మా, పీర్ల పండుగ లెక్క?"

"నోట్లె ఏస్కో అన్నా. అది ఎవల పండుగదో నీ నాల్కనే జెప్తది."

ఆయన రెండు తిన్నాడు.

సంతోషమైన ముచ్చట చెప్పడం ఎంత కష్టమో నేను ఆ ఇళ్లల్లోనే చూశాను. కష్టాలు అడిగితే గంటసేపు చెప్పేవాళ్లు. సంతోషం అడిగితే సిగ్గుపడేవాళ్లు, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్లు. ఒక ఆటో నడిపే ఆయన, "ఏం సంతోషం ఉపదేశమ్మా, ఈ ఎండకు టైర్లు పేలుతున్నయ్" అన్నాడు.

"అది గాదు కొడుకా. ఇంకోటి జెప్పు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఇయ్యాల పేలలే."

"గదీ" అని ఆమె మూత తీసింది.

ఇంకొక ఇంట్లో కొత్త కోడలు, "ఆయన నైటు డూటీకి పోయిండు, ఇల్లు జర సల్లగుంది" అనేసి నాలుక కరుచుకుంది. అత్త కళ్లురిమి చూసింది. ఉపదేశమ్మ అత్త చేతిలోనే మొదటి ముద్ద పెట్టి, "నీ కోడలు నిజం జెప్పింది, తిను" అంది. కరోనా ఏడు ఇళ్లకు వెళ్లవద్దన్నప్పుడు ఫోనులో అడిగింది. ముచ్చట చెప్పాక, "ఇగ మీ ఇంట్ల బెల్లం గడ్డ ఉంటె నోట్లె ఏస్కోండ్రి" అని పెట్టేసేది.

మా గుడి కుటుంబాలు నలభై కూడా లేవు. మిగిలిన రోజులకు ఆమెకు ఇళ్లు చాలేవి కావు. బస్టాండ్ దగ్గర టైలర్ ఇంటికి వెళ్లేది, మా గుడివాళ్లు కాకపోయినా. పాలు పోసే ముసలమ్మ ఇంటికి వెళ్లేది. "వాళ్ల దగ్గర సంతోషం ఉండదా?" అనేది.

ఏ రోజు ఎవరిల్లో, ఆమె గోడకు వేలాడే క్యాలెండర్ గడుల్లో రాసి ఉండేది. నాలుగైదేళ్ల నుంచి ఆ రాత నాది. తన అక్షరాలు గడుల్లో పట్టవని నన్ను పిలిచేది. వారంలో ఆరు గడులు నింపించి గురువారం గడిని ఖాళీగా వదలమనేది. మొదటిసారి నేను అది మరిచిపోయిన గడి అనుకుని పేరు రాయబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి బిడ్డా. యాభై దినాలల్ల ఎవలింట్ల ఏమైతదో ఎవలకెరుక. దెబ్బ తగిలిన ఇల్లుంటె గురువారం గా ఇంటికి పోవాలె."

గడి సంగతి అప్పుడే తెలిసింది కాని, ఆ గురువారాన్ని నేను అంతకుముందే చూశాను. ఆ గడుల్లో నేను రాయడం మొదలుపెట్టకముందే మా ఇల్లు అందులో పడింది.

నేను పదో తరగతిలో ఉండగా మా బాపు పోయాడు. ఈస్టర్‌కు ముందటి పవిత్ర వారంలో, బుధవారం. రెండు రోజుల జ్వరం, దవాఖానలో ఒక రాత్రి. గురువారం పొద్దున పాతిపెట్టారు. శుభ శుక్రవారం నాడు గుళ్లో అందరూ ఏడుస్తుంటే మాకు విడిగా ఏడవవలసిన పని లేకపోయింది. శనివారం రాత్రి ఈస్టర్ పూజలో మాత్రం లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి, గంటలు మోగి, అందరూ అల్లెలూయ అందుకున్నారు. అమ్మ ఆఖరి వరుసలో కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. నా చేతిలోనూ అందరి చేతుల్లో లాగే ఒక చిన్న కొవ్వొత్తి. దాన్ని ఆర్పాలో పట్టుకోవాలో నాకు తెలియలేదు. మైనం కారి వేళ్ల మీద పడింది.

ఆ తరువాతి గురువారం, బాపును పాతిపెట్టి సరిగ్గా వారానికి, ఉపదేశమ్మ డబ్బాతో మా గడప ముందు నిలబడింది.

మేమిద్దరమే ఉన్నాం. ఆమె చాప తనే పరుచుకుంది. వెంట వచ్చిన ఆమె చదివింది. పాట పాడారు, గొంతు తగ్గించి. ఇక లేచి వెళ్తారనుకున్నాను. ఉపదేశమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

"చెల్లె, ఒక్క సంతోషమైన ముచ్చట జెప్పు."

ఎవరైనా అట్లా అడుగుతారని నేను అనుకోలేదు. అమ్మ నేల చూసింది. పక్కింట్లో కుక్కర్ ఈలలు వేస్తోంది, నేను వాటిని లెక్కపెట్టాను. అయిదయ్యాయి. ఉపదేశమ్మ కదలలేదు, మూత మీంచి చెయ్యి తీయలేదు. అప్పుడు అమ్మ గొంతులోంచి మాట వచ్చింది.

"దవాఖానకు పొయ్యే ముందటి రోజు... చారు తాగి, ఇయ్యాల చారు మంచిగైంది అన్నడు. ఎన్నడూ అనడు."

అని అమ్మ ఏడ్చింది. ఆ వారమంతా అంత ఏడవలేదు. ఉపదేశమ్మ ముద్ద తీసి అమ్మ చేతిలో పెట్టి, "ఏడ్సుకుంటనే తిను చెల్లె, ఏం గాదు" అంది. నేను లేచి వెనక దొడ్లోకి వెళ్లిపోయాను. బట్టలు ఆరేసే తీగ పట్టుకుని నిలబడ్డాను. నాకు ఒళ్లంతా కోపం. మా ఇంట్లో ఇప్పుడు సంతోషం అడగడానికి ఈమె ఎవరు? ఆమె వెళ్లిపోయేటప్పుడు నన్ను పిలిచింది. నేను పలకలేదు.

మరి ఆ కోపంతో ఆమె క్యాలెండర్‌కు ఎట్లా రాశానని మీరు అడగవచ్చు. నాకూ సరిగా తెలియదు. నేను ఎవరికీ కాదని చెప్పలేను, అదొక కారణం. ఇంటర్ అయ్యాక ఒకరోజు గుడి ముందు ఆపి, "నీ రాత ముత్యాల లెక్క ఉంటదని సిస్టరమ్మ చెప్పింది" అంది. ఆ తరువాత సాయంత్రాలు వెంట రమ్మంది. నాకు పరాయి ఇంటి గడప దాటాలంటే అరచేతులు తడుస్తాయి. ఆ మాట చెప్పాను. "నువ్వు మాట్లాడకు బిడ్డా. సదువు, సాలు. మాటలు నేను జూస్కుంట" అంది. అట్లా నేను ఆమెకు చదివే మనిషినయ్యాను. ఎందరి ఇళ్లల్లోనో తల వంచుకుని పుస్తకం చదివి, తల వంచుకుని ముద్ద తిని వచ్చాను. మా ఇంట్లో ఆ సాయంత్రం గురించి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఒక్కసారి, ఈ యేడే, తపస్సుకాలం చివర్లో క్యాలెండర్ రాస్తూ అడిగాను. గడుల మీద నుంచి కళ్లు ఎత్తకుండా.

"ఉపదేశమ్మా, చావైన ఇంటికి పోయి సంతోషం అడుగుడు తప్పు కాదా?"

ఆమె రొట్టె నలుపుతోంది. పండుగకు ముందు రుచి చూడటానికని చేస్తోంది. చేతులు ఆగాయి. నేను మా ఇంటి గురించే అడుగుతున్నానని ఆమెకు తెలిసి ఉండాలి.

"తప్పో ఒప్పో నాకూ ఎరుకలే బిడ్డా. గడప దాంక పోయి ఎన్నిసార్లు ఎన్కకు తిరుగుదామనుకున్ననో. మీ ఇంటికాడ గూడ. కాని ఎవలూ పోకుంటె, మీకు ఈ యేడు పండుగ లేదు పోండ్రి అని మనమే కొట్టేసినట్టైతది గద."

నేను ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాను. ఆమె మళ్లీ రొట్టె నలపడం మొదలుపెట్టింది. పదకొండేళ్లుగా ఆమె అంతా తెలిసే చేస్తోందనుకున్నాను. ఆమెకూ తెలియదని తెలిశాక, కోపం తగ్గిందా, అది పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయిందా, చెప్పలేను.

ఆమెను మంగళవారం పాతిపెట్టాం. ఆ రోజు గుళ్లో జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఎటూ తోచదు. పూజ మొదలవ్వాలి, ఏ పాట అందుకోవాలో పాటల జట్టుకు తెలియలేదు.

"యాభై దినాలల్ల నేను పోతె ఏడుపు పాట పాడద్దని చెప్పింది" అని ఒకామె.

"ఎప్పుడు జెప్పింది? నాతోని ఎన్నడన్లే" అని ఇంకొకామె.

"నీతోని అన్నీ చెప్తదా?"

"నీతోనే చెప్పి పోయిందా మరి?"

ఫాదర్‌ను అడిగితే, "నాకు తెలియదమ్మా, మీ పద్ధతి ఎట్లా ఉంటే అట్లా" అన్నారు. పద్ధతి తెలిసిన మనిషి పెట్టెలో ఉంది. చివరికి కుడివైపు వరుసలు అల్లెలూయ పాట అందుకున్నాయి. ఎడమవైపు వాళ్లు అదే క్షణంలో సమాధి పాట అందుకున్నారు. రెండు చరణాల దాకా రెండూ కలిసి నడిచాయి. ఎవరూ ఆపలేదు, ఎవరు ఆపాలో తెలియక. డప్పు వాయించే ఆయన చేతులు గాలిలో పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. ముందు వరుసలో ఉపదేశిగారు కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్లుగా మా గుళ్లో ప్రతి పాటా ముందుగా ఎత్తే గొంతు ఆయనది. ఆయన ఏ పాటా పాడలేదు.

సోమవారం నుంచి బుధవారం దాకా ఎవరూ ఏ ఇంటికీ వెళ్లలేదు. బుధవారం సాయంత్రం అయిదున్నరకు నేను మా గడపలో కూర్చున్నాను, చేతులతో ఏం చేయాలో తెలియక. అప్పుడు గుర్తొచ్చింది. రేపు గురువారం. గడి ఖాళీగా ఉంది. ఈ వారం మా గుళ్లో దెబ్బ తగిలిన ఇల్లు ఒక్కటే.

ఉపదేశిగారికీ ఆమెకూ పిల్లలు లేరు. అచ్చంపేట నుంచి వచ్చిన ఆయన చెల్లెలు వాళ్లు తమతో రమ్మని అడిగారు, ఆయన రానన్నారు. వాళ్లు గురువారం పొద్దున బస్సుకు వెళ్లిపోతున్నారు. అంటే ఆ సాయంత్రం ఆయన ఒక్కడే.

నేను పాటల జట్టులో ఒకామెకు ఫోన్ చేశాను. నేను ఫోన్ చేశానంటేనే ఆమెకు వింత. విషయం చెబితే, "ఇంత తొందరగనా పిల్లా? పదకొండో రోజు ప్రార్థన గానియ్యి. ఆయన్ని జూస్తె మనసున్నోళ్లెవలన్న పోయి గా మాట అడుగుతరా?" అంది.

నేను సరే అన్నాను. ఆమె చెప్పింది సరైనదే. మా ఇంటికి వచ్చినప్పుడు నేను కూడా సరిగ్గా అదే అనుకున్నాను. కాని ఎవరూ వెళ్లకపోతే, ఇన్నేళ్లలో పండుగ నుంచి మేము కొట్టేసిన మొదటి ఇల్లు ఆమెదే అవుతుంది. వెళ్తే, ఆ ప్రశ్న నేను అడగాలి. మాటలు చూసుకునే మనిషి లేదు. ఆ రాత్రి చాలాసేపు రెండూ తప్పుగానే కనిపించాయి.

గురువారం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ రొట్టెలు చేసి ఉంచింది. నేను అడగలేదు. "నలుపు" అంది అంతే. నేను నలిపాను. వేడి రొట్టె నలపవచ్చని అనుకుంటాం, వేళ్లు కాలతాయి. చల్లారితే ముద్ద కట్టదు. నా ముద్దలు రెండు కట్టాయి, మిగిలినవి పొడిగానే ఉన్నాయి. అమ్మ చీర మార్చుకుని వచ్చి, "నడువు, ఆలిశమైతాంది" అంది. బాపు పోయాక అమ్మ ఏ ఇంటికీ వెళ్లలేదు. గుడికి వచ్చేది, తిరిగి ఇంటికి.

ఉపదేశిగారు ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. కూలర్ తిరుగుతోంది, నీళ్లు లేక వేడి గాలే విసురుతోంది. నా చేతిలో డబ్బా చూశారు.

"ఏంది బిడ్డా గది?"

అమ్మ చెప్పింది. "గురువారం గద ఉపదేశిగారు."

ఆయన మెడ తిప్పి గోడకున్న క్యాలెండర్ చూశారు. చూసి, "మా ఇల్లా?" అన్నారు.

"అవునండి" అన్నాను నేను. అదే నేను ఆ సాయంత్రం అన్న మొదటి మాట.

ఆయన లేచి, మూలన చుట్టి ఉన్న చాప తెచ్చి పరచబోయారు. అమ్మ తీసుకుని పరిచింది. ఆయన కుర్చీ వదిలి మాతో పాటు కిందనే కూర్చున్నారు. నేను చదివాను. ఎప్పుడూ చదివినట్టే తల వంచుకుని చదివాను, చివరి రెండు వాక్యాలు గబగబా చదివేశాను. పాట అమ్మా నేనూ ఎత్తాం, శ్రుతి తక్కువ పడింది. ఆయన పెదవులు కదిలాయి, గొంతు రాలేదు.

పాట అయిపోయింది. డబ్బా నా ఒళ్లో ఉంది. మూత మీద నా చెయ్యి ఉంది. ఆ ప్రశ్నలోని ప్రతి మాట నాకు తెలుసు. ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన నా చేతి వైపు చూస్తున్నారు. ఇక లేచి వెళ్లిపోదామని అమ్మ వైపు చూశాను.

"ఉపదేశిగారు" అంది అమ్మ. మెల్లగా, కూర గిన్నె అందించమన్నట్టు. "ఒక్క సంతోషమైన ముచ్చట జెప్పుండ్రి."

అమ్మ ఎట్లా అడగగలిగింది? తనను అడిగిన సాయంత్రాన్ని అమ్మ ఇన్నేళ్లు ఎట్లా దాచుకుందో నేను ఎప్పుడూ అడగలేదు. నేను దొడ్లోకి వెళ్లిపోయిన తరువాత ఆ చాప మీద ఏం జరిగిందో నాకు తెలియదు.

ఆయన మోకాలి మీద లుంగీ అంచు సర్దుకున్నారు. మళ్లీ సర్దుకున్నారు.

"ఆదివారం పూజకు నేను అంగి తిరగేస్కోని పోయిన" అన్నారు. "కుట్లు బయటికి. పీఠం ముంగట నిలవడి గట్లనే సదివిన. నాకెరుకలే. ఈమె ముందట కూసోని నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లె కుక్కుకుంది."

నేను కూడా ఆ రోజు చూశాను. గుళ్లో సగం మంది చూశారు.

"ఇంటికొచ్చినంక చెప్పింది. పొద్దుమీకే దాంక నవ్వుతనే ఉంది. బువ్వ పెట్టుకుంట నవ్వింది. మీ దిక్కు వచ్చేటప్పుడు డబ్బా పట్టుకొని గేటుకాడ గూడ నవ్వింది. నాకు కోపమొచ్చింది. ఇగ మాట్లాడలే. ఆమె పండుకున్నంక గూడ మాట్లాడలే."

ఆయన లుంగీ అంచు వదిలేశారు.

"గా నవ్వే. ఇంకోటి లేదు నా దగ్గర."

అప్పుడు అమ్మ, మా అమ్మ, ముక్కుతో చిన్న చప్పుడు చేసింది. నేను ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "జేబు గూడ బయటికే ఉండె ఉపదేశిగారు" అంది. ఆయన అమ్మను చూశారు. ఆయన ముఖంలో ఏదో కదిలింది, భుజాలు ఊగాయి. అది నవ్వో ఏడుపో నేను పక్కనే కూర్చుని కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తూ కూడా చెప్పలేను. నేను మూత తీశాను.

ఆయన పొడిని అరచేతిలో వేసుకుని తిన్నారు. "బెల్లం తక్కువైంది" అన్నారు. ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాపారు.

ఉపదేశమ్మ నాకు ఏం నేర్పిందో చెప్పమంటే నేను చెప్పలేను. సంతోషం అంటే ఏమిటో ఆమె చెప్పలేదు. అది కొన్ని ఇళ్లల్లో వెంటనే దొరకదని, కూర్చుని ఉండాలని మాత్రం చూపించింది. ఆమెకు నేను కృతజ్ఞత చెప్పాలి, ఆ కోపానికి క్షమాపణా చెప్పాలి. రెండింటిలో ఏది ముందో తేలక రెండూ మిగిలిపోయాయి.

మేము లేస్తుంటే ఉపదేశిగారు మళ్లీ క్యాలెండర్ చూశారు. కళ్లజోడు లేక చదవలేకపోయారు.

"రేపు ఎవలిల్లు బిడ్డా?"

"బస్టాండ్ కాడ టైలర్ వాళ్లది."

"ఎన్నింటికి?"

"అయిదున్నరకు."

ఆయన తల ఊపారు.

శుక్రవారం సాయంత్రం నేను వెళ్లేసరికి ఆయన గేటు బయట నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, కుట్లు లోపలికే. నా చేతిలోంచి డబ్బా తీసుకుని, రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని, ముందు నడిచారు. లారీలు పోయే సర్వీసు రోడ్డు దాటి సందు మొదట్లో ఆగి, ఎటు తిరగాలో తెలియక నా కోసం వెనక్కి చూశారు.

పదకొండేళ్లలో ఆయన ఆమె వెంట ఒక్క సాయంత్రం కూడా వెళ్లలేదు.